తిప్పతీగ తాగాక తెల్లకణాలు పెరిగాయి, ఇమ్యూనిటీ పెరిగినట్టేనా?

నరసరావుపేట_నాని
మా నాన్నకి 67. కరోనా టైమ్‌లో తిప్పతీగ కషాయం మొదలుపెట్టారు. మధ్యలో మానేయడం, మళ్లీ పట్టుకోవడం నడుస్తూ ఉండేది. ఈసారి సంక్రాంతి నుంచి మాత్రం ఒక్క పూట కూడా వదలడం లేదు. తాగితే తాగారు, దానితో నాకు పేచీ లేదు. గొడవంతా రిపోర్టుతో వచ్చింది. పండగ ముందు చేయించిన సీబీసీలో (రక్తకణాల లెక్క పరీక్ష) తెల్లకణాలు 6,400. మొన్న చేయిస్తే 10,900. ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. కింద "సైన్యం రెట్టింపు" అని రాశారు. ఇప్పుడు మా మేనత్తలు, బాబాయిలు అందరూ తీగ ముక్కల కోసం ఫోన్లు. అసలు ఈ అంకె పెరిగితే రోగనిరోధక శక్తి పెరిగినట్టా? తిప్పతీగని మనుషుల మీద ఎవరైనా సరిగ్గా పరీక్షించారా? తెలిసినవాళ్లు చెప్పండి, నేను గ్రూపులో పెట్టాలి.

చేదునిజం
6,400 రెట్టింపు 12,800. ముందు లెక్కల మాస్టారికి చూపించండి, తర్వాత డాక్టరుకి.

కషాయం_కామేశ్వరి
ఎందుకండీ పెద్దాయన్ని ఎగతాళి చేస్తారు? మా ఇంట్లో మూడు తరాలుగా జ్వరం వస్తే తిప్పతీగే. వేప చెట్టు మీద పాకిన తీగ అయితే ఇంకా మంచిది. కణాలు పెరిగాయంటే ఒంట్లో రక్షణ పెరిగిందనే కదా. ఇందులో అనుమానం ఏముంది?

ల్యాబ్_లక్ష్మి
అనుమానం చాలానే ఉంది కామేశ్వరి గారూ. నేను ల్యాబులో పనిచేస్తాను, రోజూ చూసేది ఇవే. తెల్లకణాలు 4,000 నుంచి 11,000 దాకా ఎంత ఉన్నా నార్మలే. ఒకే మనిషికి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటాయి. ల్యాబుకి మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి కూర్చుంటే ఎక్కువ చూపిస్తుంది. జలుబు చేసినా, పంటి చిగురు వాచినా, టెన్షన్ పడినా పెరుగుతాయి. సిగరెట్ తాగేవాళ్లకి మామూలుగానే కొంచెం ఎక్కువ. మరి సిగరెట్ కూడా ఇమ్యూనిటీ పెంచుతుందని రాసుకుందామా?
నాని గారూ, మొత్తం అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. కింద డిఫరెన్షియల్ కౌంట్ ఉంటుంది, అంటే తెల్లకణాల్లో ఏ రకం ఎంత అని, న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ అని శాతాల్లో. రెండు రిపోర్టులవీ పెట్టండి.

గోదారి_గట్టు
సిగరెట్ పాయింట్ మా బావమరిదికి చూపించాను. చాలా సంతోషించాడు. మొదటి వాక్యం చదివి ఆపేశాడు లెండి.

ఎలుకల_మాస్టారు
పరీక్షించారా అని అడిగారు కాబట్టి వచ్చాను. ఫార్మకాలజీ నా సబ్జెక్టు. ఎం.ఫార్మసీ ప్రాజెక్టుల్లో తిప్పతీగ ఎంత అరిగిపోయిందంటే, ఈ రాష్ట్రంలో దాన్ని మింగని ఎలుక లేదేమో.
పద్ధతి ఎలా ఉంటుందో చెప్తాను. ఎలుకలకి కొన్నాళ్లు తీగ ఎక్స్‌ట్రాక్ట్ పట్టిస్తారు. తర్వాత గొర్రె ఎర్రకణాలను వాటి పొట్టలోకి ఇంజెక్ట్ చేస్తారు. ఎలుక శరీరానికి అవి పరాయి కణాలు, కాబట్టి యాంటీబాడీలు తయారుచేస్తుంది. వారం తర్వాత ఎలుక రక్తం తీసి, సీరమ్‌ని (కణాలు తీసేశాక మిగిలే ద్రవం) సగానికి సగం పలచన చేసుకుంటూ పోయి, ఎంత పలచన దాకా గొర్రె కణాలను గడ్డకట్టించగలుగుతుందో చూస్తారు. మందు తాగని ఎలుకతో పోల్చి ఎక్కువ పలచనలోనూ పనిచేస్తే యాంటీబాడీ ఎక్కువ ఉన్నట్టు. ఇంకో పరీక్షలో ఇండియన్ ఇంక్ రక్తంలోకి ఎక్కిస్తారు. ఆ నల్లరంగు ఎంత త్వరగా మాయమైతే చెత్త మింగే కణాలు అంత చురుగ్గా ఉన్నట్టు. మూడోది, కాన్సర్‌కి వాడే సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి తెల్లకణాలను పడగొట్టి, తీగ వాటిని నిలబెడుతుందా అని చూడటం. మీ నాన్నగారు సీబీసీలో వెతుకుతున్నది దీనికి దగ్గరగా ఉంటుంది. కాకపోతే ఆయన కణాలను ముందు ఎవరూ పడగొట్టలేదు. పడిపోయినవాడిని లేపడం వేరు, నిలబడి ఉన్నవాడిని నిచ్చెన ఎక్కించడం వేరు.
ఈ మూడింట్లోనూ తిప్పతీగ బాగానే పాసవుతుంది. అది అబద్ధం కాదు. కాడలో ఉండే పాలీశాకరైడ్ అనే ఒకరకం పిండి పదార్థం, చెత్త మింగే మాక్రోఫేజ్ కణాలను రెచ్చగొడుతుందని కూడా చూపించారు.

కషాయం_కామేశ్వరి
చూశారా! సైన్సు కూడా ఒప్పుకుంది.

ఎలుకల_మాస్టారు
సగం విని వెళ్లిపోకండి అమ్మా. ఎలుకకి ఇచ్చే డోసు కిలో బరువుకి 200 మిల్లీగ్రాములు అనుకోండి. దాన్ని మనిషి లెక్కకి మార్చడానికి 6.2తో భాగిస్తారు. 60 కిలోల మనిషికి సుమారు 1.9 గ్రాములు వస్తుంది. అది పొడి కాదు, ఎక్స్‌ట్రాక్ట్, అంటే కాడలో సారం మొత్తం తీసి ఎండబెట్టింది. మన ఇంట్లో చిటికెడు పొడి వేసి మరగబెట్టిన నీళ్లలో ఎంత సారం దిగుతుందో ఎవరికీ లెక్క లేదు. ఎక్కువ తాగండి అని దీని అర్థం కాదు, ముందే చెప్తున్నా.

ఆయుర్వేదం_అనిల్
బీఏఎంఎస్ (ఆయుర్వేద డాక్టరు డిగ్రీ) చేశాను, ప్రాక్టీసులో ఉన్నాను. మాస్టారు గారు ఎలుకల దగ్గరే ఆగిపోయారు. మనుషుల మీదా చేశారు. ముంబై కేఈఎం ఆసుపత్రిలో పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చిన 30 మంది మీద చేసిన అధ్యయనం 1993లో అచ్చయింది. వాళ్లకి ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్లు విపరీతంగా వస్తాయి, తెల్లకణాల మింగే శక్తి పడిపోయి ఉంటుంది కాబట్టి. తిప్పతీగ ఇచ్చిన గ్రూపులో ఆ శక్తి కోలుకుంది, సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదకి రావడం) బాగా తగ్గింది. 2005లో అలర్జీ తుమ్ములున్న 75 మందికి ఎనిమిది వారాలిచ్చి చూసినది ఇంకొకటి. దానిలోనూ లక్షణాలు తగ్గాయి.
కానీ నాని గారూ, మేము తీగని "అందరూ, ఎప్పుడూ, ఎంతైనా" అన్నట్టు ఇవ్వం. వాతరక్తానికి (గౌట్ లాంటి కీళ్ల జబ్బు), పాత జ్వరాలకి మనిషిని చూసి, ఇన్నాళ్లు అని చెప్పి ఇస్తాం. కరోనాలో ఆయుష్ శాఖ ఇచ్చిన ప్రోటోకాల్‌లో కూడా గుడూచి ఘనవటి (తిప్పతీగ సారంతో చేసిన బిళ్ల) 500 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, 15 రోజులు లేదా నెల అనే ఉంది. ఏళ్ల తరబడి అని ఎక్కడా లేదు. పార్కు గేటు దగ్గర గ్లాసుల్లో పోసి అమ్మేవాళ్లు ఇది చెప్పరు.

చేదునిజం
30 మంది, 75 మంది. మా అపార్ట్‌మెంట్ మీటింగుకి ఇంతకంటే ఎక్కువమంది వస్తారు.

ఆయుర్వేదం_అనిల్
పెద్ద ట్రయల్‌కి డబ్బు ఎవరు పెడతారు సార్? పెరట్లో పెరిగే తీగకి పేటెంటు రాదు.

చేదునిజం
ఆ మాట ఒప్పుకుంటా. కానీ డబ్బు లేక పరీక్ష జరగలేదంటే "తెలియదు" అని చెప్పాలి. "పనిచేస్తుంది" అని ఎలా చెప్తారు? ఇక లివర్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2021లో ముంబై డాక్టర్లు ఆరుగురి కేసులు రాశారు. కరోనాలో తిప్పతీగ తాగి లివర్ దెబ్బతిన్నవాళ్లు. తర్వాత 2022లో దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది కేసులు కలిపి ఇంకో పేపర్ వచ్చింది, అందులో హైదరాబాద్ డాక్టర్లు కూడా ఉన్నారు. శరీరం తన లివర్ మీద తానే దాడి చేసే జబ్బు లాంటి లక్షణాలు చాలామందిలో కనిపించాయి. ఇమ్యూనిటీని రెచ్చగొడితే అది ఎవరి మీద పడుతుందో మనం చెప్పలేం కదా.

ఆయుర్వేదం_అనిల్
దానికి ఆయుష్ శాఖ అప్పుడే జవాబిచ్చింది. వాళ్లు తాగింది అసలు తిప్పతీగ, అంటే టినోస్పోరా కార్డిఫోలియానో, దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పానో సరిగ్గా తేల్చలేదని. క్రిస్పా లివర్‌కి హాని చేస్తుందని ముందే తెలుసు.

చేదునిజం
తాగినవాడికి ఆ పేర్లు తెలుసా అండీ? గోడ మీద తీగ కనిపించింది, కోసుకున్నాడు. ఏది తాగాడో డాక్టరే చెప్పలేకపోతే మా మేనత్త ఎలా చెప్తుంది?

వేపకొమ్మ
తీగ విషయంలో నేను చెప్తా. మాది ప్రకాశం జిల్లా, పొలం గట్ల మీద వేపలకి బోలెడు పాకి ఉంటది. అసలు తిప్పతీగ ఆకు తమలపాకులాగా ఉంటది, రెండు పక్కలా నున్నగా. కాడ మీద పైపొర కాగితంలా ఊడొస్తది, గోటితో గీకితే లోపల పచ్చగా ఉంటది. అడ్డంగా కోస్తే బండి చక్రం ఆకుల్లా గీతలు. ఆకు కింద నూగు తగిలిందంటే అది వేరే జాతి, కొందరు దాన్నే తెచ్చి బజార్లో అమ్ముతున్నారు. ఇక ఆ క్రిస్పా అనేదానికి కాడ నిండా మొటిమల్లా బొడిపెలుంటాయంట, మా వైపు నేనెప్పుడూ చూళ్లేదు.

ఎలుకల_మాస్టారు
వేపకొమ్మ గారు చెప్పిన గుర్తులు సరిగ్గా ఉన్నాయి. క్రిస్పా ఎక్కువగా ఈశాన్య రాష్ట్రాల్లో, ఆగ్నేయాసియాలో ఉంటుంది. మన దగ్గర కలిసిపోయేది ఆ నూగు ఆకు రకమే, సైనెన్సిస్ అంటారు. మా కాలేజీలో ఏ ప్రాజెక్టు అయినా ముందు బోటనీ వాళ్ల దగ్గర మొక్కను గుర్తింపజేసి, ఎండబెట్టిన నమూనాకి నంబరు వేయించి దాస్తాం. ఆ నంబరు లేకపోతే మిగతా పనంతా వృథా. పొడి రూపంలో వచ్చాక ఆకూ ఉండదు, కాడా ఉండదు, అందులో ఏముందో దేవుడికే ఎరుక.

డల్లాస్_దుర్గ
మా అత్తగారు ఊరగాయ డబ్బాల మధ్యలో తిప్పతీగ పొడి పెట్టి పంపిస్తారు. ఎయిర్‌పోర్టులో అడిగితే ఏం చెప్పాలో తెలియక మా ఆయన "టీ పొడి" అన్నాడు. పచ్చగా ఉందేంటి అన్నారు. "హెర్బల్ టీ" అన్నాడు. ఒక్కసారి తాగి చూడమంటే ఆ చేదుకి వాళ్లే వదిలేసేవాళ్లు.
సీరియస్‌గా ఒక ప్రశ్న. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, మెథోట్రెక్సేట్ వాడుతున్నాను. తాగొచ్చా?

ఆయుర్వేదం_అనిల్
వద్దు. మీకు ఇస్తున్న మందు ఇమ్యూనిటీని అణచడానికి. దాన్ని రెచ్చగొట్టేది పక్కన పెట్టి తాగితే ఎలా? పైగా మెథోట్రెక్సేట్‌కే లివర్ మీద కన్నేసి ఉంచాలి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకీ ఇదే మాట. షుగర్ బిళ్లలు వాడేవాళ్లు కూడా జాగ్రత్త, తీగకి షుగర్ తగ్గించే గుణం ఉంది.

చేదునిజం
అనిల్ గారితో మొదటిసారి పూర్తిగా ఏకీభవిస్తున్నా. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

నరసరావుపేట_నాని
పని మీద ఉండి ఇప్పుడే చూశాను. లక్ష్మి గారూ, మీరడిగిన శాతాలు. పాతది: న్యూట్రోఫిల్స్ 58, లింఫోసైట్స్ 32, ఇసినోఫిల్స్ 5, మోనోసైట్స్ 5. కొత్తది: న్యూట్రోఫిల్స్ 80, లింఫోసైట్స్ 15, ఇసినోఫిల్స్ 0, మోనోసైట్స్ 5. జ్వరం, దగ్గు, పుండ్లు ఏమీ లేవు. ఇంకోటి, అనిల్ గారు షుగర్ తగ్గుతుందన్నారు. నాన్నకి మాత్రం ఫాస్టింగ్ 118 ఉండేది, ఇప్పుడు 156. తిప్పతీగ తాగుతుంటే షుగర్ పెరగడమేంటి?

మౌనముని
ఇది తీగ పని కాదు.

గోదారి_గట్టు
మౌనముని నోరు విప్పాడంటే విషయం పెద్దదే.

ల్యాబ్_లక్ష్మి
నాని గారూ, ఒక సూటి ప్రశ్న. కషాయం కాకుండా నాన్నగారు ఇంకేమైనా వాడుతున్నారా? ముఖ్యంగా కీళ్ల నొప్పులకో, ఆయాసానికో ఎవరైనా ఇచ్చిన పొడి, గుళికలు?

నరసరావుపేట_నాని
అమ్మని అడిగి చెప్తాను. నాన్నని అడిగితే ఏమీ లేదనే అంటారు.

నరసరావుపేట_నాని
ఉందట. మోకాళ్ల నొప్పులకి ఒకాయన దగ్గర నుంచి పొడి తెప్పించుకుంటున్నారు, అదీ సంక్రాంతి దగ్గర్నుంచే. ప్లాస్టిక్ కవర్లో రబ్బరు బ్యాండు వేసి ఇస్తాడట, పేరు కూడా రాసి ఉండదు. నొప్పి మూడోనాటికే మాయమైందని, ఆకలి పెరిగిందని, కుర్రాడినయ్యానని నాన్న చెప్తుంటే అదంతా తిప్పతీగ మహిమ అనుకున్నాం. ఎందుకు అడిగారు?

ల్యాబ్_లక్ష్మి
ఇన్‌ఫెక్షన్ ఏమీ లేకుండా న్యూట్రోఫిల్స్ పెరిగి, లింఫోసైట్స్ తగ్గి, ఇసినోఫిల్స్ సున్నాకి పడిపోయి, షుగర్ పైకెళ్లిందంటే నాకు మొదట గుర్తొచ్చేది స్టెరాయిడ్. రక్తనాళాల గోడలకి అంటుకుని ఉండే న్యూట్రోఫిల్స్‌ని స్టెరాయిడ్ వదిలించి రక్తంలోకి తెస్తుంది. అందుకే అంకె పెరుగుతుంది. సైన్యం పెరగదు, బ్యారక్స్‌లో ఉన్నవాళ్లు రోడ్డు మీదకి వచ్చారంతే. పైగా స్టెరాయిడ్ ఇమ్యూనిటీని తగ్గిస్తుంది. నాన్నగారు సున్నా చుట్టిన అంకెకి అర్థం తిరగబడి ఉండొచ్చు.
నేను డాక్టర్ని కాదు, రిపోర్టు చూసి ఇదే అని తేల్చను. కానీ నొప్పుల పొడుల్లో ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు కలిపి ఇవ్వడం పాత విద్యే. ముఖం గుండ్రంగా అయ్యిందా? కాళ్లు వాస్తున్నాయా?

నరసరావుపేట_నాని
ముఖం నిండుగా అయ్యింది. "ఒళ్లు చేశాడు, బాగున్నాడు" అని ఊరంతా అంటున్నారు. ఇప్పుడే వెళ్లి ఆ పొడి లాక్కుంటా.

ఆయుర్వేదం_అనిల్
ఆగండి! ఉన్నపళాన ఆపించకండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ వెళ్తుంటే ఒంట్లో అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి నిద్రపోతాయి. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి, వాంతులై, ప్రాణం మీదకి వస్తుంది. రేపే ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి, పొడి కూడా పట్టుకెళ్లండి. పొద్దున 8 గంటలకి కార్టిసాల్ (ఆ గ్రంథులు తయారుచేసే హార్మోన్) పరీక్ష రాస్తారు. దాన్నిబట్టి ఎలా తగ్గించాలో వాళ్లే చెప్తారు.
మా పేరు చెప్పుకుని ఇలాంటివి అమ్మేవాళ్ల వల్ల మాకు పడే తిట్లు ఇన్నీ అన్నీ కావు. లైసెన్సు ఉన్న ఆయుర్వేద మందు మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ అచ్చేసి ఉండాలి. రబ్బరు బ్యాండు ప్యాకెట్టుకి అవేమీ ఉండవు.

కషాయం_కామేశ్వరి
అయ్యో, పెద్దాయన జాగ్రత్త నాని. అనిల్ గారు చెప్పినట్టే చెయ్యి. తిప్పతీగ తప్పేమీ లేదని మాత్రం రాసుకోండి అందరూ.

చేదునిజం
తప్పూ తేలలేదు, ఒప్పూ తేలలేదు. రెండూ ఒకేసారి మొదలుపెట్టి పేరు మాత్రం తీగకి ఇచ్చారు. పొడి చెడు చేసి ఉంటే నింద కూడా తీగ మీదే పడేది. ఆ లివర్ కేసుల్లో కూడా కొన్ని ఇలాంటివి ఉండి ఉండొచ్చా అనే అనుమానం నాకు ఇప్పుడు వస్తోంది. అన్నీ అలాంటివే అని మాత్రం అనను.

డల్లాస్_దుర్గ
మాస్టారు గారూ, మరి మనుషుల్లో ఇమ్యూనిటీ నిజంగా పెరిగిందా అని చూడాలంటే ఏం చేయాలి? ఎలుకకి గొర్రె రక్తం ఎక్కించినట్టు మనకి ఎక్కించలేరు కదా.

ఎలుకల_మాస్టారు
మంచి ప్రశ్న. మనకి ఎక్కించే "గొర్రె రక్తం" టీకా. వంద మందినో రెండొందల మందినో తీసుకుని, చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి తీగ సారం క్యాప్సూల్, ఇంకో గుంపుకి అదే రంగు ఉత్త క్యాప్సూల్ ఇచ్చి, తర్వాత అందరికీ ఒకే టీకా వేయాలి. హెపటైటిస్ బి లాంటిది, అప్పటిదాకా వేయించుకోనివాళ్లకి. నెల తర్వాత ఎవరి రక్తంలో యాంటీబాడీ ఎంతుందో కొలవాలి. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఎవరిది ఏదో తెలియకూడదు. మధ్యమధ్యలో లివర్ పరీక్షలు తప్పనిసరి. కషాయం రూపంలో ఇస్తే కుదరదు, ఆ చేదుకి దొంగ కషాయం తయారుచేయడమే పెద్ద ప్రాజెక్టు.

గోదారి_గట్టు
దొంగ కషాయానికి మా అత్తయ్య కాఫీ ఇస్తా. ఎవరూ తేడా కనిపెట్టలేరు.

నరసరావుపేట_నాని
అప్‌డేట్. గుంటూరు తీసుకెళ్లి చూపించాం. కార్టిసాల్ బాగా తక్కువ వచ్చింది. డాక్టర్ పొడి ఆపించి, దాని బదులు తనే కొలిచి స్టెరాయిడ్ బిళ్ల రాసి, వారాలవారీగా తగ్గిస్తానన్నారు. లివర్ పరీక్షలు నార్మల్. తిప్పతీగ కూడా ప్రస్తుతానికి ఆపమన్నారు, ఏది దేనివల్లో తెలియాలంటే ఒక్కొక్కటే ఉండాలని. నాన్న అలిగారు. మోకాళ్ల నొప్పి మళ్లీ మొదలైంది, దానికి ఎక్స్‌రే తీసి ఫిజియోథెరపీ రాశారు.
లక్ష్మి గారికీ అనిల్ గారికీ మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం.

ల్యాబ్_లక్ష్మి
సంతోషం. బిళ్ల మాత్రం ఒక్క పూట కూడా మర్చిపోనివ్వకండి, జ్వరం గాని వాంతులు గాని వస్తే వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి. మిగిలిన పొడి పారేయకండి. డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి ఫిర్యాదుతో పాటు ఇస్తే పరీక్షకి పంపిస్తారు.

నరసరావుపేట_నాని
అక్కడే వచ్చింది చిక్కు. అమ్మ చెప్తోంది, మిగిలిన ప్యాకెట్ నాన్న ఎదురింటి రిటైర్డ్ హెడ్‌మాస్టారికి ఇచ్చేశారట. ఆయనకి షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నారు.

ఆయుర్వేదం_అనిల్
ఎప్పుడు ఇచ్చారు? ఆయన వాడటం మొదలుపెట్టారా? టైప్ చేయడం ఆపి ముందు వెళ్లండి.

నరసరావుపేట_నాని
చెప్పులేసుకుంటున్నా.